రెండొందల పన్నెండు మునకలు

ఈత రానివాడు నీళ్ళ జోలికి పోడు. వచ్చినవాడు దిగుతాడు. ఈ రెండు రకాలూ కాక మూడో రకం మనుషులు కొందరుంటారు. వాళ్ళు ఎక్కడ దిగాలో తేల్చుకోవడానికి మీటింగులు పెట్టుకుంటారు. అలాంటి మహానుభావులు చేరి పెట్టుకున్నదే అనుభవజ్ఞుల స్కూబా సంఘం. వీపుకి గాలి సిలిండరు కట్టుకుని సముద్రం అడుక్కి వెళ్ళొచ్చేవాళ్ళ సంఘమన్నమాట. ఏటా ఒక వెచ్చటి సముద్రాన్ని ఎంచుకుని, అందరూ కలిసి వెళ్ళి, దిగి, రావాలన్నది ఆశయం. పుట్టి ఐదేళ్ళయింది. మీటింగులు అరవై దాటాయి. దిగడం మాత్రం ఇంకా మొదలవలేదు.

మీటింగులు పళ్ళ డాక్టరు క్లినిక్ పైగదిలో జరుగుతాయి. ఆయనే అధ్యక్షుడు. గోడకున్న అరలో ప్లాస్టరుతో పోసిన దవడలు వరసగా నోళ్ళు తెరుచుకుని కూర్చుంటాయి. అంత శ్రద్ధగా వినే శ్రోతలు ఆ గదిలో ఇంకెవరూ లేరు.

సభ్యుల్లో అందరికన్నా పెద్ద తలకాయ సొరచేపగారు. ఉద్యోగం లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. ఒకసారి సముద్రంలో సొరచేప ఎదురొస్తే కళ్ళలో కళ్ళు పెట్టి చూసి వెనక్కి పంపించానని చెప్పుకుంటాడు కాబట్టి ఆ పేరు. అది సొరచేప కాదనీ, పైన ఆగిన పడవ నీడనీ తెలిసిన మనిషి ప్రపంచంలో ఒక్కతే ఉంది. ఆవిడ ఆయన భార్య.

ఆవిడకి బట్టల ఆల్టరేషన్ షాపుంది. జిప్పులు మార్చడం, నడుములు వదులు చెయ్యడం, పొడుగులు తగ్గించడం ఆవిడ పని. సంఘంలో అందరూ ఎదురుగా వదినగారూ అనీ, చాటున సూదమ్మ అనీ అంటారు. సూదమ్మ కూడా సంఘం సభ్యురాలే, కానీ ఓటు లేదు. కనీసం వంద డైవులున్నవాళ్ళకే ఓటని నిబంధన. ఆవిడ లాగ్‌బుక్కులో, అంటే ఎప్పుడు దిగాం, ఎంత లోతుకి దిగాం, ఎంతసేపున్నాం అని రాసుకునే పుస్తకంలో, నలభై ఒకటే ఉన్నాయి. కాబట్టి ఆవిడకి టీ పోసే హక్కుంది, వినే హక్కుంది.

ఆ వినడంలోనే వచ్చింది చిక్కంతా. సూదమ్మకి పదేళ్ళుగా ఎడమ చెవి మందం, రెండేళ్ళుగా మరీ వినిపించడం లేదు. లోపల బియ్యపు గింజంతైనా లేని ఎముకొకటి బిగుసుకుపోయిందట. ఆపరేషన్ చేసి దాని బదులు చిన్న ముక్క పెడితే వినపడుతుందని చెవి డాక్టరు చెప్పాడు. ఆ తర్వాత చల్లగా ఇంకో మాట కూడా చెప్పాడు.

"ఇప్పుడు దిగితే ఇబ్బంది లేదమ్మా. ఆపరేషనయ్యాక మాత్రం డైవింగు మానెయ్యాలి. నీళ్ళ ఒత్తిడికి లోపలి ముక్క కదిలితే ఉన్న వినికిడి కూడా పోతుంది."

ఆపరేషన్‌కి మూడు నెలలు టైముంది. అంటే సంఘం ఈసారైనా ఒక సముద్రాన్ని తేల్చకపోతే, సూదమ్మ మళ్ళీ జన్మలో నీళ్ళ కిందికి వెళ్ళలేదు.

ఆవిడకి చేపల పిచ్చి లేదు, పగడాల పిచ్చీ లేదు. ఆవిడకి నీళ్ళ కింద నచ్చిందల్లా ఒక్కటే. అక్కడ అందరూ చెవిటివాళ్ళే. "ఏంటీ? ఏమన్నారు?" అని రెండోసారి అడగాల్సిన పని లేదు, అడిగితే విసుక్కునేవాళ్ళు లేరు. ఏదైనా చెప్పాలంటే ఎదురుగా వచ్చి, మొహంలోకి చూసి, చేత్తో సైగ చెయ్యాల్సిందే. నేల మీద సొరచేపగారు పేపరుకి మాట చెబుతాడు, కిటికీకి చెబుతాడు, వాష్‌బేసిన్‌కి చెబుతాడు. నీళ్ళలో మాత్రం ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఎన్నడూ చూడనంత శ్రద్ధగా పెళ్ళాం మొహం చూశాడు. భయంతోనే అనుకోండి. అయినా చూశాడు కదా!

ఆ భయం సంగతి కూడా చెప్పాలి. ఏడేళ్ళ క్రితం ఉద్యోగరీత్యా సముద్రం పక్కన రెండేళ్ళున్నప్పుడు ఇద్దరూ కలిసి డైవింగు నేర్చుకున్నారు. మొదటి రోజే సొరచేపగారి మాస్కులోకి, అంటే కళ్ళకీ ముక్కుకీ పెట్టుకునే అద్దాల తొడుగులోకి, నీళ్ళు వచ్చాయి. అంతే, ఆ రోజునుంచీ మాస్కులో తడి తగిలితే చాలు, ప్రాణం పైకే. మూడు నిమిషాలుంటాడు, పైకి తేలతాడు. పడవ అంచు పట్టుకుని రొప్పుతాడు. సూదమ్మ వెంట వచ్చి, మాస్కు పట్టీ బిగించి, ధైర్యం చెప్పి మళ్ళీ దించుతుంది. ఇంకో నాలుగు నిమిషాలు. మళ్ళీ పైకి. ఇలా రోజుకి ఐదారుసార్లు.

సాయంత్రం ఇద్దరూ పుస్తకాలు రాసుకునేవాళ్ళు. సూదమ్మ ఆ రోజంతా కలిపి ఒకటి వేసేది. సొరచేపగారు ఐదో ఆరో వేసేవాడు. అబద్ధమాడుతున్నానని ఆయన అనుకోలేదు సుమండీ! లిఫ్టు పరీక్షలో పైకెళ్ళి కిందికొస్తే ఒక ట్రిప్పు. మధ్యలో ఆగిపోయినా ట్రిప్పు ట్రిప్పే. ముప్పై ఏళ్ళు అదే రిజిస్టరు రాసిన చెయ్యి, సముద్రాన్ని కూడా అలాగే రాసింది. ఆ విధంగా ఆవిడకి నలభై ఒకటైన చోట ఆయనకి రెండొందల పన్నెండయ్యాయి.

సంఘంలో ఓట్లు నాలుగు. సొరచేపగారు, పళ్ళ డాక్టరు, ఫోటో స్టూడియో ఆయన, ఆరు నెలల క్రితం చేరిన లైబ్రేరియన్. ఓట్లతో తేలకపోతే ఎక్కువ డైవులున్నవారి మాటే ఆఖరి మాట. పళ్ళ డాక్టరుకి రెండొందల తొమ్మిది కావడంతో ఐదేళ్ళుగా సంఘం భవితవ్యం సొరచేపగారి చేతిలోనే ఉంది. ఆయన ఆ చేతిని ఏ సముద్రం మీదా పెట్టలేదు.

ఆ నెల మీటింగులో ఫోటో స్టూడియో ఆయన ఓ చోటు చెప్పాడు. ఓడ మునిగిన చోటట, ఓడ చుట్టూ గుంపులు గుంపులుగా చేపలట.

"మునిగి ఎన్నేళ్ళయింది?" అన్నాడు పళ్ళ డాక్టరు.

"పదిహేను."

"అబ్బే, ఇంకా నానలేదండీ. మన స్థాయికి కనీసం యాభై ఏళ్ళ ఓడ ఉండాలి."

లైబ్రేరియన్ ఇంకో దీవి పేరు చదివింది. అక్కడ ప్రవాహం గట్టిగా ఉంటుందంది. ప్రవాహముంటే ఫోటో కదులుతుందన్నాడు స్టూడియో ఆయన. పోనీ ప్రవాహం లేని చోటు చూద్దామా అంది.

"ప్రవాహం లేని నీళ్ళలో దిగడానికి మనమేమన్నా బకెట్లో కప్పలమా అమ్మా?" అన్నాడు సొరచేపగారు.

"నీళ్ళు ఇరవై ఎనిమిది డిగ్రీలట సార్."

"అది గోరువెచ్చన. మన తీర్మానంలో ఉన్నది వెచ్చన."

అరలోని దవడలు నోళ్ళు తెరుచుకునే ఉన్నాయి. సూదమ్మ కుడిచెవి వాళ్ళవైపు తిప్పుకుని టీ పోస్తోంది. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానందట. ఈ పెద్దమనుషులు స్వర్గంలో కూడా మెట్లు బాలేవని వెనక్కొచ్చే రకం అనుకుంది.

మీటింగు వచ్చే ఆదివారానికి వాయిదా పడింది. ఇంటికెళ్ళాక సూదమ్మ అన్నం ముందు కూర్చుని అడిగింది.

"ఏమండీ, ఈసారి కూడా తేలకపోతే నాకిక లేదు. మీకు గుర్తుందా?"

సొరచేపగారు మంచినీళ్ళ గ్లాసుకి ఏదో చెప్పాడు.

"ఏంటీ?"

"చూద్దాంలే అన్నా!" అని అరిచాడు, గ్లాసుతోనే.

ఆయన చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు టేబులు మీద ఫోను వెలిగింది. ఏదో డైవింగు సెంటరునుంచి జవాబు. "అవునండీ, ఎంత అనుభవమున్నా మొదటి రోజు చెక్ డైవ్ తప్పనిసరి. నీళ్ళలో మాస్కు తీసి మళ్ళీ పెట్టుకుని చూపించాలి." పాత జవాబులు కూడా తీసి చూసింది. ఐదేళ్ళలో పదిహేడు సెంటర్లకి ఆయన రాసింది ఒక్కటే ప్రశ్న: చెక్ డైవ్ తప్పనిసరా? పదిహేడు జవాబులూ ఒక్కటే.

సూదమ్మకి ముందు నవ్వొచ్చింది. ఓడ నానలేదు, నీళ్ళు కాగలేదు అంటూ ఐదేళ్ళు సముద్రాలన్నిటికీ వంకలు పెట్టింది ఈ అరచేయంత మాస్కు కోసమా! తర్వాత ఒళ్ళు మండింది. భయమని ఒక్క ముక్క చెబితే ఆవిడ నవ్వేదా? నలభై ఒక్క రోజులు పట్టీ బిగించిన మనిషి! తన పరువు కోసం ఆవిడ ఆఖరి మునకని గ్లాసులో ముంచేస్తున్నాడు. ఆ కోపంలో ఆవిడ ఆ వారం కుట్టిన రెండు జిప్పులు తలకిందులుగా పడ్డాయి.

ఆదివారం వచ్చింది. ఈసారి పళ్ళ డాక్టరు నవ్వుతూ తన లాగ్‌బుక్కు బల్ల మీద పెట్టాడు.

"పాత కాగితాల్లో ఇంకో ఐదు డైవులు దొరికాయండీ. అంటే నావి రెండొందల పద్నాలుగు. ఇకనుంచి ఆఖరి మాట నాది."

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. సొరచేపగారి మొహం పాలిపోయింది.

"దొరకడమేంటండీ? డైవులేమన్నా కళ్ళజోడా, సోఫా కింద దొరకడానికి?"

"మీ పుస్తకం మాత్రం మేమెవరం చూశాం?"

మాటామాటా పెరిగింది. అప్పుడు లైబ్రేరియన్ గొంతు సవరించుకుంది. ఆవిడ పుస్తకంలో నూట మూడు డైవులున్నాయి. ప్రతిదానికీ తేదీ, లోతు, ముద్ర, సంతకం.

"ఎందుకండీ గొడవ? ప్రతి డైవుకీ బడ్డీ ఉంటారు కదా. జంటగా దిగినవాళ్ళు పక్కన సంతకం పెడతారు. సంతకం ఉన్నవే లెక్క."

పళ్ళ డాక్టరు కొత్తగా దొరికిన ఐదింటికీ సంతకాల్లేవు. అవి ఎంత తొందరగా దొరికాయో అంత తొందరగా పోయాయి. మళ్ళీ రెండొందల తొమ్మిది. లైబ్రేరియన్ సొరచేపగారి పుస్తకం అందుకుని పేజీలు తిప్పింది. తిప్పింది. తిప్పుతూనే ఉంది.

"సార్, మీకు ఒక్క సంతకం కూడా లేదే?"

"మా ఆవిడే కదమ్మా బడ్డీ. ఇంట్లో మనిషికి సంతకాలేంటి?"

"అయితే ఇంకేం, ఆధారం ఇంట్లోనే ఉంది. అక్కా, మీ పుస్తకం తెచ్చారా?"

సూదమ్మ సంచిలో కత్తెర, కొలత టేపు పక్కన ఆ పుస్తకం ఎప్పుడూ ఉంటుంది. తీసి ఇచ్చింది. లైబ్రేరియన్ రెండు పుస్తకాలూ పక్కపక్కన పరిచింది.

"మీవి నలభై ఒకటి. తేదీలు అవే, పడవలు అవే. సారువి రెండొందల పన్నెండు. ఇందులో ఏది కరెక్టక్కా?"

స్టూడియో ఆయన టీ కప్పు గాలిలో ఆగిపోయింది. సూదమ్మ భర్తవైపు చూసింది.

సొరచేపగారు ఆవిడనే చూస్తున్నాడు. గ్లాసుని కాదు, కిటికీని కాదు, పూర్తిగా ఇటు తిరిగి ఆవిడ మొహంలోకి చూస్తున్నాడు. బల్ల అంచున ఆయన కుడిచెయ్యి మెల్లగా లేచింది. అరచెయ్యి కిందికి పరిచి అటూ ఇటూ ఊపాడు. నీళ్ళలో ఆ సైగకి అర్థం: ఏదో తేడాగా ఉంది.

ఐదేళ్ళయింది ఆ సైగ చూసి. సూదమ్మ కడుపులో ఉన్న కోపం కడుపులోనే ఉంది, కానీ చెయ్యి దానంతట అదే జవాబిచ్చింది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టింది. ఫరవాలేదు, నేనున్నాను.

"ఆయనదే కరెక్టమ్మా" అంది.

సొరచేపగారు ఊపిరి వదిలాడు. పాపం, తొందరపడ్డాడు.

"నాదే తప్పు. నేను రోజుకొకటి రాసుకున్నాను. ఆయన దిగిన ప్రతిసారీ రాశారు. దిగితే డైవేగా? లిఫ్టు ఎన్నిసార్లు ఆగినా ట్రిప్పు ట్రిప్పే కదండీ?"

"అవునవును" అన్నాడు సొరచేపగారు గబగబా.

"ఆయన దిగిన ప్రతిసారీ పక్కన నేనున్నాను. ఆయన తేలితే తేలాను, మునిగితే మునిగాను. అంటే నావీ రెండొందల పన్నెండే."

లైబ్రేరియన్ కళ్ళు మెరిశాయి. "పద్ధతి ఒకటే అయినప్పుడు ఇద్దరికీ అదే వర్తిస్తుంది. రూలు ప్రకారం సరిపోయింది."

"ఇంకొకటుంది. ఒకరోజు ఆయన మునగడానికి నడుముకి కట్టుకునే బరువుల బెల్టు ఊడి అడుక్కి పోయింది. ఆయన పడవలో కూర్చున్నారు, నేనొక్కదాన్నే దిగి తెచ్చాను. గుర్తుందాండీ?"

కక్కలేక మింగలేక సొరచేపగారు బల్లకేసి చూశాడు. కాదంటే తన పుస్తకం పోతుంది. ఔనంటే కుర్చీ పోతుంది.

"గుర్తుంది" అన్నాడు.

"అయితే నావి రెండొందల పదమూడు. ఆఖరి మాట నాదేనా డాక్టరుగారూ?"

పళ్ళ డాక్టరు అరలోని దవడల్లో ఒకదానిలా నోరు తెరిచి, మూసి, తలూపాడు.

సూదమ్మ సంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసింది. మొదటి ఏడాదే మీటింగులో చర్చకొచ్చిన చోటు అది. కొత్తవాళ్ళు కూడా వస్తారని, మన స్థాయికి నామోషీ అని పది నిమిషాల్లో కొట్టేశారు. తీరానికి దగ్గరగా పన్నెండు మీటర్ల లోతులో ఒక పగడాల దిబ్బ. దుప్పటంత రెక్కలున్న పెద్ద టేకు చేపలు అక్కడికొచ్చి కదలకుండా నిలబడతాయి. చిన్న చేపలు వాటి ఒళ్ళూ నోరూ శుభ్రం చేస్తాయి.

"మీ క్లినిక్ లాంటిదే డాక్టరుగారూ. కాకపోతే అక్కడ పేషంట్లు అరవరు."

"ఎప్పుడు వెళ్దామంటారు?" అన్నాడు స్టూడియో ఆయన నీరసంగా.

"వచ్చే నెల. చెక్ డైవ్ ఉంటుంది. మాస్కు తీసి పెట్టుకోవాలి."

"అంటే... అందరూనా?" అన్నాడు పళ్ళ డాక్టరు.

"అనుభవజ్ఞులమే కదా, మనకెందుకమ్మా?" అన్నాడు స్టూడియో ఆయన.

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం. సూదమ్మ ఖాళీ కప్పులు ట్రేలో సర్దుతూ మామూలుగా అంది.

"మీ అందరి వెట్‌సూట్లూ, నీళ్ళలో వేసుకునే ఆ రబ్బరు బట్టలు, నా దగ్గరకే వస్తాయి. ఏటా నడుము దగ్గర ఇంత ముక్క వేసి వదులు చేస్తున్నాను. జిప్పులు మారుస్తున్నాను. ఉప్పునీళ్ళు చూసిన జిప్పు ఎలా ఉంటుందో నాకు తెలుసండీ. ఐదేళ్ళలో నేను చూసింది లైబ్రేరియన్‌గారిదొక్కటే. మర్చిపోయుంటారు, అందరికీ చెక్ డైవ్ మంచిదే."

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

తర్వాతి నెల ఆ దీవిలో, తీరం పక్కన నాలుగు మీటర్ల లోతులో, తెల్లటి ఇసక మీద ఐదుగురు అనుభవజ్ఞులు మోకాళ్ళ మీద వరసగా కూర్చున్నారు. ఎదురుగా ఇన్‌స్ట్రక్టరు పిల్ల, ఇరవై ఐదేళ్ళుంటాయేమో, మాస్కు తీయమని సైగ చేసింది. లైబ్రేరియన్ తీసి పెట్టుకుంది. పళ్ళ డాక్టరు నాలుగో ప్రయత్నానికి పెట్టుకున్నాడు, తలకిందులుగా. స్టూడియో ఆయన కెమెరా తడుస్తుందేమోనని బెంగపడ్డాడు, అది నీళ్ళలో వాడే కెమెరా అని మర్చిపోయి.

సొరచేపగారు రెండుసార్లు పైకి తేలాడు. రెండుసార్లూ సూదమ్మ వెంట వెళ్ళింది, పట్టీ బిగించింది, దించింది. మూడోసారి ఆయన ఎదురుగా కూర్చుని ముందు తన మాస్కు తీసేసింది. కళ్ళు తెరిస్తే లోకమంతా నీలంగా అలుక్కుపోయింది, ఆయన మొహం మసగ్గా ఉంది. చెయ్యి చాపింది. ఆయన చెయ్యి వచ్చి పట్టుకుంది. కొంతసేపటికి రెండో చెయ్యి కూడా వచ్చి, బొటనవేలూ చూపుడువేలూ కలిపిన సున్నాని, మసగ్గా కనబడుతుందనేమో, ఆవిడ అరచేతిలో పెట్టింది. ఆవిడ మాస్కు పెట్టుకుని చూసేసరికి సొరచేపగారి మాస్కు ఆయన ఒళ్ళో ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని, బుడగలు వదులుతూ కూర్చుని ఉన్నాడు. పైకి పోలేదు.

ఆ మధ్యాహ్నం పగడాల దిబ్బ దగ్గర ముప్పై ఆరు నిమిషాలున్నారు. టేకు చేప ఒకటి నెత్తి మీదుగా చప్పుడు లేకుండా పోయింది. అక్కడ ఎవరికీ ఏదీ వినిపించదు కాబట్టి సూదమ్మకి లోటేమీ అనిపించలేదు. పైకి వచ్చేటప్పుడు మాత్రం ఇదే ఆఖరని గుర్తొచ్చి మాస్కులో కళ్ళు తడిశాయి. ఆ తడి తుడుచుకోవడానికి వీల్లేదు.

సాయంత్రం గది బయట కుర్చీల్లో కూర్చుని పుస్తకాలు తీశారు. సూదమ్మ తనది రాసేసి, పెన్ను భర్తకిచ్చి చూస్తూ కూర్చుంది. పొద్దుట మూడుసార్లు, మధ్యాహ్నం ఒకసారి. ఆయన రివాజు ప్రకారం నాలుగు. సొరచేపగారు చాలాసేపు రాశాడు. ఆ తర్వాత పుస్తకం ఇటు తిప్పి, సంతకం గడి మీద వేలు పెట్టి ముందుకి జరిపాడు.

"ఎన్ని వేశారు?"

"ఒకటే" అన్నాడు సముద్రంకేసి చూస్తూ.

సూదమ్మకి మొదటిసారే వినిపించింది. అయినా మళ్ళీ అడిగింది.

"ఏంటీ?"

సొరచేపగారు కుర్చీ తిప్పుకుని, ఆవిడకి ఎదురుగా వచ్చి, మొహంలోకి చూస్తూ ఒక వేలు చూపించాడు. ఆవిడ సంతకం పెట్టింది.